మీ ప్రశ్న – మా జవాబు: సొంతంగా నాటకం, సినిమా నిర్మించేవారికి

పెద్ద సంస్థల అండ లేకుండా నిర్మాణంలోకి దిగినవారి నుంచి, దిగబోతున్నవారి నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాం.

ఒక కథ బాగా నచ్చింది. ముందు నాటకంగా వేసి, ఆదరణ ఉంటే సినిమా తీయాలని ఉంది. రచయిత ఫోన్లో సరేనన్నారు. అది చాలదా? – నాటక దర్శకురాలు

చాలదమ్మా. ఆయన ఎంత మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా, రేపు ఆ మాటను పంపిణీదారుకు చూపించలేరు. పైగా ‘సరే’ అన్నది నాటకానికా, సినిమాకా, రెంటికీనా? రంగస్థల హక్కు వేరు, సినిమా హక్కు వేరు. ఒకటి చేతిలో ఉంటే రెండోది వచ్చినట్టు కాదు.

ముందు ఆ హక్కులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో తేల్చుకోండి. రచయిత వాటిని పబ్లిషర్‌కు రాసిచ్చి ఉండొచ్చు, ఎప్పుడో ఇంకో నిర్మాతకు అమ్మి మరిచిపోయి ఉండొచ్చు. మీరు చదివింది అనువాదమైతే, దాని ఆధారంగా స్క్రిప్టు రాస్తే మూల రచయితతో పాటు అనువాదకుడి అనుమతి కూడా కావాలి. రచయిత కాలం చేసి ఉంటే వారసులందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు మిగిలిపోయినా ఆ ఒప్పందం చిల్లుకుండే.

నాటకానికి లైసెన్సు తీసుకోండి. ఎన్ని ప్రదర్శనలు, ఏ ప్రాంతంలో, ఎంతకాలం, వసూళ్లలో ఎంత శాతం రాయల్టీ అన్నవి అందులో ఉండాలి. సినిమాకు ఇప్పుడే పూర్తి ధర కట్టనక్కర్లేదు, ఆప్షన్ ఒప్పందం రాసుకోండి. చిన్న మొత్తం ఇచ్చి 12 లేదా 18 నెలలు ఆ కథను ఇంకెవరికీ ఇవ్వకుండా నిలుపుకోవడమే ఆప్షన్. గడువు పొడిగింపుకు ఎంత ఇవ్వాలో, పూర్తి ధర ఎంతో అందులోనే రాయాలి. ఆ ధరను సాధారణంగా షూటింగ్ మొదటి రోజుకల్లా చెల్లిస్తారు. ధర రాయకుండా వదిలేస్తే, నాటకం హిట్టయిన మర్నాడు మీరు బేరమాడాల్సింది కొత్త రేటు మీద.

చాలామంది చూసుకోనిది ఇంకొకటి ఉంది. కథను నాటకంగా మలిచిన వ్యక్తికి ఆ స్క్రిప్టు మీద సొంత హక్కు పుడుతుంది. రిహార్సల్స్‌లో నటులు అల్లిన సంభాషణలు స్క్రిప్టులో చేరితే వాళ్లూ వాటా అడగొచ్చు. అందుకే రిహార్సల్ మొదలవకముందే వాళ్ల ఒప్పందాల్లో సినిమాకు వాడుకునే వీలు రాయించండి. నాటకంలో వినిపించే రికార్డు పాటకు కూడా రెండు తలుపులు తట్టాలి: పాట రాసి, స్వరపరిచిన వారి హక్కు ఒకటి, ఆ రికార్డింగ్ హక్కు మరొకటి. సినిమాలో వాడేటప్పుడు ఈ రెండూ మళ్లీ విడిగా తీసుకోవాలి. కథ నుంచి స్క్రీన్‌ప్లే వరకు ప్రతి సంతకాన్నీ వరసగా ఒకే ఫైల్లో పెట్టండి. సినిమా కొనేవారు అడిగే మొదటి కాగితాలు ఇవే.

షూటింగ్ అనుకున్న రోజులకే ముగించాం. అయినా ఎడిటింగ్ దగ్గర డబ్బు అయిపోయింది. తప్పెక్కడ జరిగింది? – మొదటి సినిమా నిర్మాత

షూటింగ్ నుంచి మొదలుపెట్టి బడ్జెట్ రాసినట్టున్నారు. చివరినుంచి రాయాలి. అమ్మకం రోజున మీరు ఏమేం అప్పగించాలో ముందు జాబితా వేయండి: డీసీపీ (థియేటర్‌లో ఆడించే డిజిటల్ సినిమా ఫైలు), 5.1 మిక్స్ (హాలు చుట్టూ ఉన్న స్పీకర్లకు విడదీసిన శబ్దం), మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్, సబ్‌టైటిళ్లు, ట్రైలర్, పోస్టర్, ముద్రణకు పనికొచ్చే స్టిల్స్, హక్కుల ఫైలు. వీటన్నిటికీ కొటేషన్లు తెచ్చుకుని ఆ మొత్తాన్ని విడి ఖాతాలో వేయండి. మిగిలినదాంట్లో ఎన్ని రోజులు తీయగలరో అప్పుడు తేలుతుంది. ఖర్చుల మొత్తం మీద మరో 10 శాతం అనుకోని ఖర్చులకు ఉంచాలి. మొదటి వారంలోనే అందులో చెయ్యి పడిందంటే లోపం షెడ్యూల్లో ఉందని అర్థం. వెంటనే సీన్లు తగ్గించండి.

డబ్బు రెండుసార్లు ఖర్చయ్యే చోట్లు మీకు కనబడవు. ఎడిట్ ఖరారు కాకుండానే శబ్దం పని మొదలుపెట్టిస్తారు. ఆ తర్వాత దర్శకుడు రెండు నిమిషాలు కోస్తే ప్రతి ట్రాకూ జరపాలి, గంటల లెక్కన మళ్లీ కట్టాలి. కెమెరాలో సెకనుకు 25 ఫ్రేములు పెట్టి, డీసీపీ 24లో చేయిస్తే నిడివి మారుతుంది, గొంతు శ్రుతి కూడా సరిచేయాల్సి వస్తుంది. మొదటి షాట్‌కు ముందే కెమెరా, సౌండ్, ఎడిటింగ్ మనుషులు ముగ్గురూ కూర్చుని ఈ సంఖ్య తేల్చుకోవాలి.

లొకేషన్ వదిలేముందు అందర్నీ నిశ్శబ్దంగా నిలబెట్టి ఆ గది శబ్దాన్ని నిమిషం పాటు రికార్డు చేయించండి. ఫ్యాన్ హోరు, దూరపు రోడ్డు, గోడల గుయ్యిమనడం, అన్నీ అందులో ఉంటాయి. అది లేకపోతే డైలాగుల మధ్య కోతలు బయటపడతాయి. వాటిని కప్పడానికి స్టూడియోలో రోజులు పోతాయి. కెమెరా మెమరీ కార్డులోని దృశ్యాలు మూడు కాపీలై, సరిపోల్చి చూశాక, అందులో ఒకటి వేరే చోటికి చేరేదాకా ఆ కార్డును చెరపనివ్వకండి.

200 సీట్ల హాల్లో వారానికి ఆరు ఆటలు వేస్తున్నాం. హాలు సగానికి పైగా నిండుతోంది. అయినా పెట్టుబడి తిరిగి రావడం లేదేమిటి? – నాటక సమాజ నిర్వాహకుడు

నాటకానికి రెండు ఖర్చులుంటాయి. తెర లేచేలోపు అయ్యేది ఒకటి: సెట్టు, దుస్తులు, రిహార్సల్ జీతాలు, ప్రచారం. తెర లేచాక ప్రతి వారం అయ్యేది రెండోది: హాలు అద్దె, నటుల పారితోషికం, లైట్ల అద్దె, వారం వారం ప్రకటనలు. ఈ రెంటినీ ఒకే లెక్కలో కలిపేస్తే ఏం జరుగుతోందో తెలియదు.

టిక్కెట్టునే కొలతగా తీసుకుని చూద్దాం. వారానికి 1,200 సీట్లు. 60 శాతం నిండితే 720 టిక్కెట్లు. రచయిత, దర్శకుల రాయల్టీ 10 శాతం పోతే మిగిలేది 648. వారపు ఖర్చు 450 టిక్కెట్ల విలువ అనుకుందాం. చేతిలో మిగిలేది 198. తెర లేవడానికి 2,000 టిక్కెట్ల విలువ పెట్టి ఉంటే, పెట్టుబడి రాబట్టడానికి పది వారాలు దాటుతుంది. ఇప్పుడు హాలు 50 శాతమే నిండిందనుకోండి: 600 టిక్కెట్లు, రాయల్టీ పోగా 540, ఖర్చు పోగా 90. ఇక 22 వారాలు పైనే! నిండే సీట్లు 60 శాతం నుంచి 50కి తగ్గితే గడువు రెట్టింపు దాటింది. మీ విషయంలో జరుగుతున్నది ఇదే అయ్యుండాలి.

లెక్కలో వాడాల్సింది టిక్కెట్టు మీద ముద్రించిన ధర కాదు. రాయితీలు, ఉచిత పాసులు, బుకింగ్ రుసుము, పన్ను పోగా చేతికొచ్చే సగటు అది. రాయల్టీ దేనిమీద లెక్కించాలో కూడా ఒప్పందంలో తేల్చండి. పెట్టుబడి వెనక్కి వచ్చేదాకా తక్కువ శాతం, ఆ తర్వాత ఎక్కువ శాతం అనే పద్ధతికి చాలామంది రచయితలు ఒప్పుకుంటారు, ముందే అడిగితే. హాలు అద్దె ఒప్పందంలో వసూళ్లు ఒక గీత దిగితే ఆట ఆపించే షరతు ఉందేమో చూసుకోండి.

‘లాభంలో సగం మీది’ అని పెట్టుబడిదారుకు చెప్పొచ్చా? – కొత్త నిర్మాత

లాభమంటే ఏమిటో రాయకుండా చెప్పకండి. మీ సినిమాకు ప్రేక్షకులు 100 కట్టారనుకుందాం. థియేటర్ సగం ఉంచుకుంటే 50 మిగులుతుంది. అందులో పంపిణీదారు కమీషన్ 25 శాతం, అంటే 12.5. ప్రచారానికి, ప్రింట్లకు ఆయన పెట్టిన 15 కూడా ముందు ఆయనే తీసుకుంటాడు. మీదాకా వచ్చేది 22.5. దాంట్లోంచి అప్పు, పెట్టుబడి అసలు, పారితోషికం వాయిదా వేసుకున్నవారి బాకీలు తీరాకే లాభం మొదలవుతుంది. శాతాలు ఒప్పందాన్నిబట్టి మారతాయి, వరస మాత్రం దాదాపు ఇదే. ఈ వరసను కాగితం మీద గీసి, ఒక ఉదాహరణ లెక్కతో పెట్టుబడిదారుకు ఇవ్వండి. అది చూసి వెనక్కి తగ్గేవారు మొదట్లోనే తగ్గడం మీకూ మేలు. పంపిణీదారు ఖర్చులకు ఒక పరిమితి, లెక్కలు తనిఖీ చేసే హక్కు మీ ఒప్పందంలో తప్పనిసరిగా పెట్టించండి.

ఈ వృత్తిలో ఇల్లు గడుస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? – పట్టభద్రుడు

గడుస్తుంది, కానీ ఒకే ప్రాజెక్టు మీద ఆధారపడితే గడవదు. నాటకం నెలల్లో తెర మీదకు వస్తుంది. సినిమా కథ దశ నుంచి విడుదల దాకా ఏళ్లు పట్టొచ్చు. అందుకని ఒకటి రాత దశలో, ఒకటి నిర్మాణంలో, ఒకటి అమ్మకంలో ఉండేలా చూసుకునేవారే నిలబడతారు. మధ్యలో ఇతరుల సినిమాలకు లైన్ ప్రొడ్యూసర్‌గా, అంటే రోజువారీ ఖర్చు, పనులు చూసుకునే వ్యక్తిగా పనిచేయడం చిన్నతనం కాదు. బడ్జెట్ మీద పట్టు వచ్చేది అక్కడే.

మొదటి ఉద్యోగానికి స్టేజ్ మేనేజర్ దగ్గరో, ప్రొడక్షన్ ఆఫీసులోనో చేరండి. కాల్ షీట్ (మర్నాడు ఎవరు, ఎన్నింటికి, ఎక్కడికి రావాలో చెప్పే కాగితం) రాయడం, రోజువారీ ఖర్చు సాయంత్రానికి తేల్చడం, వాన పడితే ఏ సీన్ ముందుకు జరపాలో చెప్పగలగడం వస్తే మిమ్మల్ని వదులుకోరు.

సొంత సినిమాలో మీ పారితోషికాన్ని బడ్జెట్‌లో మొదటి ముసాయిదాలోనే రాయండి. ‘చివర్లో మిగిలితే తీసుకుంటా’ అనుకున్నది మిగలదు. చాలా ఒప్పందాల్లో కనిపించే పద్ధతి ఇలా ఉంటుంది: సన్నాహాల్లో 20 శాతం, షూటింగ్ వారాల్లో 60, ఎడిట్ తొలి కూర్పుకు 10, అప్పగింతకు 10. అప్పగింత ఆలస్యమయ్యే చిన్న సినిమాల్లో ఆఖరి 10 శాతం ఏడాది దాకా ఆగిపోవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఇంటి ఖర్చులు వేసుకోండి.