ఎన్‌బీడీ వెలుగు పెరిగితే లైపోజోములు కలిసిపోయినట్టేనా?

ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నానని, ఫాస్ఫటిడైల్‌సెరిన్ అనే లిపిడ్‌తో (కొవ్వు పదార్థంతో) చేసిన లైపోజోములకు, అంటే అతిచిన్న బుడగలకు, కాల్షియం కలపగానే ఎన్‌బీడీ అనే వెలిగే రంగు వెలుగు పెరిగిందని, దీన్ని ఫ్యూజన్ (రెండు బుడగలు పూర్తిగా ఒకటైపోవడం) అని రాసేయొచ్చా అని అడిగారు. ఇప్పుడే రాయకండి. నేనూ తిరుపతిలోనే ఈ పని చేశాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

మీ పద్ధతిలో ఎన్‌బీడీ, రోడమిన్ అనే ఇంకో రంగు రెండూ ఒకే లైపోజోము పొరలో ఉంటాయి. దగ్గరగా ఉన్నంతసేపు ఎన్‌బీడీ శక్తిని రోడమిన్ లాగేసుకుంటుంది. రంగు లేని లైపోజోముతో ఆ పొర కలిస్తే రెండూ దూరమై ఎన్‌బీడీ వెలుగు పెరుగుతుంది. అంటే మీకు తెలిసింది లిపిడ్లు కలిశాయని మాత్రమే. లైపోజోము గోడ రెండు వరసల లిపిడ్లది; అందులో బయటి పొరలు ఒకటైపోయి, లోపలి పొరలు మాత్రం పక్కపక్క ఇళ్ల ఉమ్మడి గోడలా మిగిలిపోయే దశ ఒకటుంది. దాన్ని హెమిఫ్యూజన్ అంటారు. కథ అక్కడే ఆగిపోయినా మీ గ్రాఫ్ పైకే పోతుంది.

ఇది చిన్న తేడా కాదు. నరాల కణం నుంచి రసాయనం బయటికి రావాలంటే లోపలి పొరలు కూడా కలిసి రంధ్రం తెరుచుకోవాల్సిందే. కణాల్లో పొరలను కలిపే స్నేర్ ప్రోటీన్లు లైపోజోములను కలుపుతాయని 1998లో జేమ్స్ రాత్‌మన్ బృందం చూపించింది లిపిడ్ల కలయికను కొలిచే. లోపలి పదార్థం కూడా కలుస్తోందని 1999లో మళ్లీ విడిగా చూపించాల్సి వచ్చింది. 2013లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ల్యాబ్‌కే తప్పని మెట్టు అది.

మీరు టెర్బియం పద్ధతి చేయండి. ఒక బ్యాచ్ లైపోజోముల్లో సిట్రేటుతో టెర్బియం అనే లోహం, ఇంకో బ్యాచ్‌లో దాంతో కలిస్తే వెలుగునిచ్చే డైపికోలినిక్ ఆమ్లం నింపి, బయట లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ ఉంచండి. లోపల రెండూ కలిస్తేనే వెలుగు వస్తుంది. బయటికి కారినవి ఈడీటీఏ, కాల్షియం ఉన్నచోట వెలగవు. కారడం ఎంతో కూడా విడిగా కొలవాలి, ఎందుకంటే కాల్షియంతో కలిసే ఈ లైపోజోములు కారడం మామూలే.

ఫాస్ఫేట్ బఫర్ మాత్రం వద్దు. కాల్షియం దాంతో కలిసి తెల్లగా పేరుకుంటుంది, ఆ మసకను చూసి ఫ్యూజన్ అనుకునే ప్రమాదం ఉంది. హెపీస్ అనే బఫర్ వాడండి. సోనికేట్ చేసిన (శబ్ద తరంగాలతో పగలగొట్టిన) మరీ చిన్న లైపోజోములు వంపు ఒత్తిడికి వాటంతటవే కలిసిపోతుంటాయి, 100 నానోమీటర్ల ఫిల్టర్‌తో ఎక్స్‌ట్రూడ్ చేసినవే (రంధ్రాల గుండా నొక్కి పంపినవే) నమ్మకం.

ఇక మన ఎండల సంగతి. మే నెలలో ల్యాబ్ బల్ల మీద లిపిడ్లను కరిగించి ఉంచిన క్లోరోఫాం ఇట్టే ఆవిరై లిపిడ్ గాఢత మారిపోతుంది. టెఫ్లాన్ మూత ఉన్న గాజు సీసాలు వాడి, ఫ్రీజర్‌లో పెట్టే ముందు నైట్రోజన్ పట్టండి. క్యువెట్ (వెలుగు కొలిచే చిన్న గాజు పాత్ర) హోల్డర్‌కు నీటి సర్క్యులేటర్ తగిలించి ఉష్ణోగ్రతను ఒకేచోట నిలపండి, లేకపోతే పొద్దున తీసిన గ్రాఫ్‌నూ మధ్యాహ్నం తీసినదాన్నీ పోల్చలేరు. టెర్బియం గ్రాఫ్ వచ్చాక రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.