ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూలో చాక్ టాక్ అంటే టెన్షన్‌గా ఉంది. కమిటీ అసలు ఏం చూస్తుంది?

మీరు ఎలుకల మెదడు ఎదుగుదల మీద ఐదేళ్లుగా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్నారు. అమెరికాలో ఓ యూనివర్సిటీ టెన్యూర్ ట్రాక్ (కొన్నేళ్ల పని చూసి పర్మనెంట్ చేసే) అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి రెండు రోజుల ఇంటర్వ్యూకి పిలిచింది. సెమినార్ అంటే బెరుకు లేదు గానీ చాక్ టాక్ అంటేనే గుండె దడ అన్నారు. భయపడాల్సింది దానికే లెండి. సెమినార్‌లో చెప్పేది అయిపోయిన పని. చాక్ టాక్‌లో స్లైడ్లు ఉండవు, బోర్డు ముందు నిలబడి ఇంకా చేయని పని గురించి చెప్పాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మెదడు పైభాగమైన కార్టెక్స్‌లోని ఆరు పొరలూ చక్కగా గీశాను. ముందు పుట్టిన న్యూరాన్లు లోపలి పొరల్లో ఆగిపోవడం, తర్వాత పుట్టినవి దారి చూపే రేడియల్ గ్లియా కణాలని పట్టుకుని వాటిని దాటి పైకి పోవడం, అంతా రంగురంగుల మార్కర్లతో. పదిహేను నిమిషాలు గడిచాయో లేదో, వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన అడిగారు: "ఈ జన్యుమార్పు ఎలుకల లైన్ (వంశం) మీ బాస్ ల్యాబ్‌దే కదా. రేపు ఆయన కూడా ఇదే ప్రశ్న మీద గ్రాంట్ రాస్తే మీ సంగతేంటి?" నేను నవ్వేసి, "మా ఇద్దరికీ బాగానే పడుతుందండి" అన్నాను. ఇంకెవరూ నవ్వలేదు. రెండు వారాలకి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది.

నిజానికి బాస్‌తో ఆ మాట నేను ఎప్పుడూ ఎత్తలేదు. మొహమాటం. తర్వాత కూర్చుని మాట్లాడితే అరగంటలో తేలిపోయింది. ఏ లైన్ నేను తీసుకెళ్లాలో, ఏ ప్రశ్న జోలికి ఆయన రారో మెయిల్‌లో రాసిచ్చారు, సిఫార్సు లేఖలో కూడా ప్రస్తావించారు. మరుసటి ఏడు ఇంకోచోట అదే ప్రశ్న వస్తే రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లాను. ఇంటర్వ్యూకి ముందే మీరూ ఈ పని చేసేయండి.

తర్వాత రెండుసార్లు ఎంపిక కమిటీలో కూర్చున్నాను. మొదటి వడపోతలో పెద్ద జర్నల్ పేరు కంటికి ఆనుతుంది, కాదంటే అబద్ధం. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ పోస్ట్‌డాక్‌లకి ఇచ్చే కే99 గ్రాంట్ ఉంటే మంచిదే, ఉద్యోగం వచ్చాక దాని రెండో దశ ఆర్00 కింద మూడేళ్ల వరకు, ఏడాదికి 2,49,000 డాలర్ల దాకా వెంట వస్తుంది. కానీ మీరు ఆ దశ దాటేశారు. ఇప్పుడు గదిలో ఉన్నవాళ్ల ఆలోచనంతా ఈ మనిషి ఒంటరిగా ల్యాబ్ నిలబెట్టగలరా అనే.

మన రంగంలో దానికి అసలు చిక్కు కాలం. ఎలుక గర్భం మూడు వారాలు, పిల్లని తల్లి నుంచి వేరు చేయడానికి ఇంకో మూడు, అది ఈనే వయసుకి రావడానికి మరికొన్ని. మూడు జన్యుమార్పులు ఒకే ఎలుకలోకి రావాలంటే నెలలు పడుతుంది. పైగా కొత్త చోట క్వారంటైన్. టెన్యూర్ గడువు చూస్తే మామూలుగా ఆరేళ్లు. అందుకే "మొదటి ఏడాది ఏం చేస్తారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

మేం చివరికి తీసుకున్న అమ్మాయి బోర్డు మూలన చిన్న క్యాలెండర్ గీసింది. తన లైన్ క్వారంటైన్ దాటే నెల చుట్టూ సున్నా చుట్టి, అప్పటిదాకా బయట కొనుక్కోగలిగిన మామూలు గర్భిణి ఎలుకల్లో, 15వ రోజు పిండాలకి ఎలక్ట్రోపొరేషన్ చేసి (కరెంటుతో కణాల్లోకి డీఎన్ఏ ఎక్కించి) పై పొరల న్యూరాన్లను గమనిస్తానంది. అది కూడా తేలకపోతే ఏం చేస్తుందో పక్కన బాణం గీసి చూపించింది. ఆమె సెమినార్ ఓ మోస్తరుగానే సాగింది. అయినా ఆ క్యాలెండర్ చూశాక ఎవరూ పెద్దగా వాదించలేదు.

ల్యాబ్ పెట్టుకోవడానికి యూనివర్సిటీ ఇచ్చే స్టార్టప్ డబ్బు గురించి చాక్ టాక్‌లో మీరుగా ఎత్తకండి. డిపార్ట్‌మెంట్ హెడ్ విడిగా అడిగితే చెప్పడానికి లిస్టు మాత్రం దగ్గర ఉంచుకోండి. అందులో పంజరాల రోజువారీ ఖర్చు మర్చిపోవద్దు. సరిగ్గా ఫలానా రోజు వయసు పిల్లలు కావాలంటే ఎక్కువ జంటల్ని పెంచాలి, మైక్రోస్కోప్ కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది ఆ బిల్లే.

ప్రాక్టీస్ మీ ల్యాబ్ వాళ్ల ముందు కాదు, వేరే రంగం వాళ్ల ముందు చేయండి. మూడో నిమిషం నుంచే అడ్డు తగలమని చెప్పండి. మార్కర్లు మీవే పట్టుకెళ్లండి. నా రెండో చాక్ టాక్‌లో బోర్డు దగ్గర నాలుగుంటే మూడు ఎండిపోయి ఉన్నాయి.