డిఫెన్స్‌కు కోత పెడితే నా ఉద్యోగం ఏమవుతుంది? ఈలోగా ప్లాట్ కొనేయవచ్చా?

ప్రశ్న: వర్జీనియాలోని షాంటిలీలో ఉంటాం. నాకు 41 ఏళ్లు, అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు ఉన్నాయి. పెంటగాన్ ప్రాజెక్టు మీద ఒక సబ్‌కాంట్రాక్టర్ కంపెనీలో పనిచేస్తున్నాను, సీక్రెట్ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వ అనుమతి) ఉంది. మా వాట్సాప్ గ్రూపులో బార్నీ ఫ్రాంక్ అనే పాత కాంగ్రెస్ సభ్యుడి మాటలు ఎవరో పెట్టారు. డిఫెన్స్ బడ్జెట్‌ను బాగా తగ్గించాలని, ఉద్యోగాలు పోతాయన్నది సాకేనని ఆయన వాదన. చదివిన దగ్గర్నుంచీ టెన్షన్‌గా ఉంది. డిఫెన్స్ జోలికి ఎవరూ వెళ్లరని మా బావమరిది అంటాడు. 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) మీద 50,000 డాలర్ల లోన్ తీసి, హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి దగ్గర 45 లక్షల ప్లాట్ కొని పెట్టుకుంటే ఉద్యోగం పోయినా ఒక ఆస్తి మిగులుతుంది కదా అనుకుంటున్నాను. ఇప్పటికి అడ్వాన్స్ ఇవ్వలేదు. సేవింగ్స్ 19,000, కంపెనీ షేర్లు 38,000, 401కేలో 2,10,000 డాలర్లు ఉన్నాయి. మా ఆవిడకు పార్ట్‌టైమ్ మీద నెలకు 1,900 వస్తుంది. నెల ఖర్చు మార్ట్‌గేజ్‌తో కలిపి 7,200. కాంట్రాక్టు ఆప్షన్ ఇయర్ (ప్రభుత్వం కావాలంటే పొడిగించే ఏడాది) మార్చి 31తో ముగుస్తుంది.

జవాబు: ముందు ఫ్రాంక్ గారి సంగతి చూద్దాం, మీ టెన్షన్ మొదలైంది అక్కడే కదా. మసాచుసెట్స్ డెమొక్రాట్ ఆయన, 1981 నుంచి 2013 ఆరంభం దాకా ప్రతినిధుల సభలో ఉన్నారు. 2010లో రిపబ్లికన్ రాన్ పాల్‌తో చేతులు కలిపి, పదేళ్లలో డిఫెన్స్ నుంచి 960 బిలియన్ డాలర్లు ఎలా తగ్గించవచ్చో ఒక నిపుణుల బృందం చేత లెక్క కట్టించారు. ప్రభుత్వం వంతెన కడితే ఉద్యోగాలు రావని వాదించేవాళ్లే, యుద్ధంలో వాడని విమానం కట్టేసరికి ఉద్యోగాల పేరు చెప్పి దాన్ని కాపాడతారని ఎద్దేవా చేశారు. దానికి ఆయన పెట్టిన పేరు ‘వెపనైజ్డ్ కీన్సియనిజం’, అంటే ప్రభుత్వ ఖర్చుతో ఉద్యోగాలు వస్తాయన్న కీన్స్ సిద్ధాంతాన్ని ఆయుధాల దగ్గర మాత్రమే ఒప్పుకోవడం. వాదనగా నాకు అది నచ్చుతుంది. కానీ అది దేశం డబ్బు గురించిన వాదన. మీ ఇంటి బడ్జెట్‌కు దాంతో పని లేదు.

అసలు కోత పడినప్పుడు ఏం జరిగిందో చూడండి. 2011 బడ్జెట్ కంట్రోల్ చట్టం పుణ్యమా అని 2013 మార్చి 1న సీక్వెస్ట్రేషన్, అంటే ఖర్చుల్లో ఆటోమేటిక్ కోత, మొదలైంది. రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగులకు జీతం లేని సెలవు 22 రోజులన్నారు. తర్వాత అది 14 అయింది, ఆపైన 11కు దిగింది, చివరికి 6 రోజులతో సరిపెట్టారు. ఆ డిసెంబరులోనే సెనెటర్ ముర్రే, ప్రతినిధుల సభ సభ్యుడు ర్యాన్‌ల ఒప్పందంతో కోతను కొంత సడలించారు. అప్పట్లో నా దగ్గరకు వచ్చే ఒక ఉద్యోగి, 22 అన్న మాట వినగానే భయపడి తన రిటైర్మెంట్ డబ్బంతా షేర్లతో సంబంధం లేని, ప్రభుత్వ బాండ్ల జీ ఫండ్‌లోకి మార్చేశాడు. ఆ ఏడాది ఎస్ అండ్ పీ 500 సూచీ దాదాపు 30 శాతం పెరిగింది. సెలవుల వల్ల ఆయనకు పోయింది ఆరు రోజుల జీతం. భయం వల్ల పోయింది అంతకు ఎన్నో రెట్లు.

అలాగని మీ బావమరిది మాట కూడా పట్టుకోకండి. డిఫెన్స్ బడ్జెట్ మొత్తంగా పెరుగుతున్నా, అందులో మీరు కూర్చున్న కుర్చీ ఎగిరిపోవచ్చు. మీ జీతం వచ్చేది ఒక టాస్క్ ఆర్డర్ (కాంట్రాక్టు కింద ఇచ్చే ఒక్కో పని ఆర్డరు) నుంచి. ఆప్షన్ ఇయర్‌ను పొడిగిస్తారా, రీకంపీట్‌లో (కాంట్రాక్టుకు మళ్లీ పెట్టే పోటీలో) మీ ప్రైమ్, అంటే ప్రధాన కాంట్రాక్టర్, గెలుస్తాడా, వాడు మీ కంపెనీని సబ్‌గా ఉంచుకుంటాడా అన్నవే మీకు ముఖ్యం. సెనెటర్ల ప్రసంగాలు వినే బదులు మీ ప్రోగ్రామ్ మేనేజర్‌కు ఒక కాఫీ ఇప్పించి, ఫండింగ్ ఎప్పటి వరకు ఉందో కనుక్కోండి. షట్‌డౌన్ సంగతి కూడా మర్చిపోవద్దు. 2018-19లో 35 రోజులు, 2025లో 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. ఫెడరల్ ఉద్యోగులకు ఆగిన జీతం తర్వాత ఇవ్వాలని 2019లో చట్టం చేశారు. కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసే మీలాంటివాళ్లకు ఆ హామీ లేదు.

ఇక ప్లాట్. 401కే లోన్ తీసుకున్నాక ఉద్యోగం పోయిందనుకుందాం. మామూలుగా మిగిలిన బాకీని మరుసటి ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి. కట్టకపోతే అది విత్‌డ్రా చేసినట్టే లెక్క. ఫెడరల్ పన్ను 22 శాతం, వర్జీనియా పన్ను 5.75, పెనాల్టీ 10 కలిపితే 50,000 మీద 18 వేల డాలర్ల పైనే. ఉద్యోగం పోతే ఆదుకుంటుందని కొన్న ప్లాటే, సరిగ్గా ఉద్యోగం పోయిన రోజు మీ చేతిలో బిల్లు పెడుతుంది. శంకర్‌పల్లి ప్లాటును నెలలో అమ్మి డబ్బు తెప్పించుకోగలిగినవాళ్లను నేను చూడలేదు. పైగా అది ‘ఫార్మ్ ప్లాట్’ అయితే అసలు కొనకండి, ఓసీఐలు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

మీరు లెక్కలో వేయనిది ఇంకొకటి ఉంది. మీకున్న అసలైన ఆస్తి ఆ క్లియరెన్స్. దాన్ని పరిశీలించేటప్పుడు అప్పులు, ఎగ్గొట్టిన వాయిదాలు, విదేశాల్లో ఆస్తులు అన్నీ చూస్తారు. ఉద్యోగం లేని రెండు నెలల్లో క్రెడిట్ కార్డు బాకీ పడితే, తర్వాతి ఉద్యోగం తెచ్చిపెట్టే కాగితానికే ఎసరు. ఎప్పుడు ప్లాట్ కొన్నా ముందు మీ ఎఫ్‌ఎస్‌ఓకు (కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌కు) ఒక మాట చెప్పండి.

మరి ఏం చేయాలి? నెల ఖర్చు మార్ట్‌గేజ్‌తో కలిపి 7,200 అని రాశారు. పిల్లల కూచిపూడి క్లాసు ఉంచి, బయట తిండి, ట్రిప్పులు ఆపితే 6,000కు తేవచ్చు. కానీ ఉద్యోగం పోతే హెల్త్ ఇన్సూరెన్స్ కోబ్రాలోకి (పాత కంపెనీ ప్లాన్‌నే ప్రీమియం మొత్తం మనమే కట్టి కొనసాగించడం) మారుతుంది, కుటుంబానికి నెలకు 2,000 దాటడం మామూలే. అంటే 8,000. అందులో మీ ఆవిడ జీతం 1,900 పోగా నెలకు 6,100 లోటు. ఆరు నెలలకు 36,600 కావాలి, ఉన్నది 19,000. నిరుద్యోగ భృతి కొంత వస్తుంది గానీ దాన్ని లెక్కలో వేయడం నాకు ఇష్టం లేదు.

ఆ 17,600 ఎక్కడి నుంచి అంటారా? కంపెనీ షేర్లలో నుంచి. జీతమూ షేర్లూ ఒకే కంపెనీవి, ఆ కంపెనీకి డబ్బు ఒకే పెంటగాన్ నుంచి. కాంట్రాక్టు పోయిన రోజే షేరూ పడుతుంది. వచ్చి ఏడాది దాటిన లాట్లు (విడతలు) చూసి సగం పైన అమ్మి, పన్నుకు కొంత పక్కన పెట్టి, మిగిలింది హై యీల్డ్ సేవింగ్స్‌లో వేయండి. 401కేలో కంపెనీ మ్యాచ్ (మీరు కట్టినదానికి కంపెనీ జతచేసే డబ్బు) వచ్చేంత వరకు కట్టడం మాత్రం ఆపొద్దు. ఇంటి మీద హీలాక్ (ఇల్లు హామీగా అవసరమైనప్పుడు తీసుకునే అప్పు ఖాతా) తెరవాలనుకుంటే ఉద్యోగం ఉన్నప్పుడే తెరిచి, వాడకుండా ఉంచండి. ఉద్యోగం పోయాక బ్యాంకు ముఖం కూడా చూడదు.

ప్లాట్ బ్రోకర్‌కు ఫోన్ చేసి ఇప్పుడు కాదని చెప్పేయండి. రేటు పెరిగిపోతుందని అతను అంటాడు, అననివ్వండి. మార్చి 31 దాటి ఆప్షన్ ఇయర్ పొడిగించినట్టు కాగితం వచ్చాక నాకు మళ్లీ రాయండి, అప్పటికి ఆ 36,600 ఎంతవరకు నిండిందో కూడా అందులో రాయండి.