బైక్‌కి అదనపు లైట్లు, హజార్డ్ స్విచ్ పెట్టిస్తే నిజంగా ఉపయోగముందా? వైరింగ్ ఎలా చేయించాలి?

రాత్రిపూట హైవే మీద తిరగాలి కాబట్టి ఫాగ్ లైట్లూ, నాలుగు ఇండికేటర్లూ కలిసి కొట్టుకునే హజార్డ్ స్విచ్చూ పెట్టిద్దామనుకుంటున్నానని, షోరూం వాళ్లేమో వైర్లు కోస్తే వారంటీ పోతుందంటున్నారని రాశారు. నాది 150 సీసీ బండి. ఉద్యోగం వల్ల చీకటి పడ్డాక సూర్యాపేట, కోదాడ మధ్య తిరగడం మామూలే. రెండూ పెట్టించాను, ఇప్పటికీ వాడుతున్నాను. ఉపయోగముంది. కాకపోతే అది మీరనుకునే ఉపయోగం కాకపోవచ్చు.

చాలామంది రోడ్డు బాగా కనబడాలని లైట్లు కొంటారు. నాకు మాత్రం అసలు లాభం నేను ఎదుటివాళ్లకి కనబడటం. 65వ నంబరు హైవే మీద ఊళ్లు వచ్చిన చోటల్లా రాంగ్ రూట్‌లో వచ్చే బళ్లు, డివైడర్ సందులోంచి తిరిగే ట్రాక్టర్లు తగులుతాయి. ఒక్క హెడ్‌లైట్ చుక్కను చూసి బండి ఎంత దూరంలో ఉందో, ఎంత స్పీడులో వస్తోందో పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే. హెడ్‌లైట్‌కి కిందుగా, చెరో పక్కన చిన్న లైట్లుంటే మూడూ కలిసి ముక్కోణంలా కనబడతాయి. దగ్గరికొచ్చేకొద్దీ అది విచ్చుకుంటుంది కాబట్టి వస్తున్నది బైకని, వేగంగా వస్తోందని తెలుస్తుంది. ఇదివరకు సగం రోడ్డు దాకా వచ్చేసి నన్ను చూసేవాళ్లు, ఇప్పుడు అంచునే ఆగుతున్నారు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 900 బైక్ ప్రమాదాలను పరిశీలించి రిపోర్ట్ ఇచ్చింది. ఇంకో వాహనంతో గుద్దుకున్న వాటిలో మూడింట రెండొంతులు అవతలి వాహనమే బైక్ దారికి అడ్డొచ్చినవి. ముఖ్య కారణం, బైక్‌ని చూడకపోవడం. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైట్ ఆఫ్ స్విచ్ తీసేసి, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ లైటు వెలిగేలా చేసిందీ ఇందుకే. మొదట్లో దారిన పోయే ప్రతివాళ్లూ గుప్పిట మూసి తెరిచి ‘లైటు, లైటు’ అని సైగ చేసేవాళ్లు. చూశారంటే పని జరిగినట్టే కదా!

ఇక వైరింగ్. మెకానిక్‌కి వదిలేస్తే చాలామంది చేసే పని, హెడ్‌లైట్ వైరు చెక్కి దానికే కొత్త లైట్లు కలిపి నల్ల టేపు చుట్టేయడం. అది ఒప్పుకోకండి. పాత కమ్యూటర్ బళ్లలో చాలావాటికి హెడ్‌లైట్‌కి వచ్చేది బ్యాటరీ కరెంటు కాదు, ఇంజిన్ నుంచి నేరుగా వచ్చే ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు). దానికి ఎల్ఈడీ కలిపితే మినుకుమంటుంది, రిలే (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కలిపితే గరగరలాడుతుంది.

సరైన పద్ధతిలో ఒక నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలే ఉండాలి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ మీదుగా 30వ పిన్నుకి, 87 నుంచి లైట్లకి. మిగతా రెండింటిలో 85 ఎర్త్‌కి, 86 మీ స్విచ్ ద్వారా తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరుకి. అప్పుడు స్విచ్‌లోంచి పారేది రిలేని లాగడానికి కావలసిన కొద్దిపాటి కరెంటే. స్విచ్ వేడెక్కదు, బండి ఆపి తాళం ఆఫ్ చేస్తే లైట్లూ ఆరిపోతాయి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. 20 వాట్లవి రెండు పెడితే 40 వాట్లు, 12తో భాగిస్తే మూడు ఆంపియర్ల పైచిలుకు, కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. దూరం కొట్టే స్పాట్ లైట్లయితే 86కి వచ్చే వైరును హైబీమ్ నుంచి తీసుకోండి (అది డీసీ, అంటే బ్యాటరీ కరెంటు అయితేనే). ఎదురొచ్చేవాళ్లకి డిప్ చేయగానే అవి కూడా వాటంతటవే ఆరిపోతాయి.

ఎక్కువ గొడవ వచ్చేది హ్యాండిల్ మెడ దగ్గర. మా బామ్మర్ది బండికి ఒక షాపులో లైట్లు బిగించారు. కొన్నాళ్లకి హ్యాండిల్ ఎడమకి తిప్పితే లైట్లు ఆరేవి, కుడికి తిప్పితే వెలిగేవి. ట్యాంకు విప్పి చూస్తే, స్విచ్ వైరును బిగుతుగా లాగి ట్యాగ్ (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ) వేసేశారు. ఫ్రేముకి రాసుకుని పైతొడుగు చిరిగి రాగి బయటపడింది. పైగా ఫ్యూజే లేదు. హ్యాండిల్‌ని రెండు వైపులా లాక్ దాకా తిప్పి చూసి, అప్పటికీ వైరు కొంచెం వదులుగా ఉంటేనే ట్యాగ్ వేయనివ్వండి.

స్విచ్ ఎడమ చేతి వైపు పెట్టించండి, కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి. గ్లౌజు వేసుకున్న బొటనవేలికి తడిమితే ‘టిక్’మని తెలియాలి. చూసి వెతుక్కోవలసి వచ్చే స్విచ్ ఎంత అందంగా ఉన్నా దండగ. వాన నీరు దిగకుండా రబ్బరు తొడుగున్నది తీసుకోండి. హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలిలో, విజయవాడలో అయితే ఆటోనగర్‌లో దొరుకుతాయి.

హజార్డ్ సంగతి తేలికే. ఫ్లాషర్ (ఇండికేటర్లను కొట్టుకునేలా చేసే చిన్న డబ్బా) నుంచి వచ్చే వైరును ఎడమ, కుడి ఇండికేటర్లు రెండింటికీ ఒకేసారి కలిపే టూ పోల్ స్విచ్ చాలు. కంపెనీ ఫ్లాషర్ రెండు బల్బులకి చేసింది, నాలుగు వెలిగితే వేడెక్కుతుంది, అందుకని దాన్ని కూడా మార్పించండి. బండి ఆగినప్పుడే వాడండి. వానలో హజార్డ్ వేసుకుని నడిపేవాడు ఎటు తిరుగుతాడో వెనకవాడికి తెలియదు.

మంచులో పసుపు లైటు దూసుకుపోతుందని చాలామంది నమ్మకం. మంచు బిందువులు కాంతి తరంగం కంటే చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులూ దాదాపు ఒకేలా చెదిరిపోతాయి. డిసెంబర్‌లో చింతపల్లి నుంచి లంబసింగి వెళ్లేటప్పుడు నాకు పనికొచ్చింది రంగు కాదు, లైట్లు కిందుగా క్రాష్ గార్డ్‌కి ఉండి నేలనే చూస్తూ ఉండటం.

లైట్ల కంటే చవకైనవీ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో చేసి 2004లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వేసిన అధ్యయనంలో, మెరిసే రంగు జాకెట్ లేదా రిఫ్లెక్టర్ బట్టలు వేసుకున్నవాళ్లకి ప్రమాదంలో గాయపడే ముప్పు 37 శాతం తక్కువని, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్‌కి 24 శాతం తక్కువని తేలింది. నేను హెల్మెట్ వెనకా, సైడ్ బాక్సులకీ ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించాను.

చట్టం విషయానికొస్తే, ముందు వైపు ఎర్ర లైటు కూడదు, నీలం జోలికి అసలు పోవద్దు. అనుమతి లేని మార్పు చేస్తే మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా ఉంది. మార్కెట్‌లో అమ్ముతున్నారు కదా అన్నది పోలీసు దగ్గర పనికొచ్చే జవాబు కాదు. మీ బండి కంపెనీయే ఆ మోడల్‌కి యాక్సెసరీగా లైట్లు ఇస్తోందేమో ముందు కనుక్కోండి. ఇస్తుంటే షోరూంలోనే బిగిస్తారు, బిల్లు చేతికొస్తుంది, వారంటీ గొడవా ఉండదు. ఇవ్వకపోతే, ఒక్క వైరు కూడా కోయకుండా కప్లర్ల (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుల) మధ్య తగిలించే వైరింగ్ కిట్ కొనండి. సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు విప్పేసి పక్కన పెట్టుకోవచ్చు.