తినిపించే రోబోకు బటన్లు ఎట్లుండాలి?

ప్రశ్న: పక్షవాతంతో మా నాయనకు ఎడమ పక్క పడిపోయింది. కుడిచెయ్యి వణుకుతుంది. మావాడు అన్నం తినిపించే రోబో చెయ్యి చేసి, ఫోన్ తెరమీద ఆరు బటన్లు పెట్టినాడు. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. ఎడమ పక్కవైతే చూడనే చూడడు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తప్పు మీ నాయనది కాదమ్మా, తెరది. ఎడమ పక్క పడిపోయినవాళ్లలో కొందరికి ఆ వైపున్నవి కళ్లు బాగున్నా గమనంలోకి రావు. బటన్లన్నీ కుడివైపుకు మార్పించండి. ఆరు ఎక్కువ. ‘ముద్ద’, ‘నీళ్లు’, ‘నిలుపు’ చాలు. ఒక్కోటి కనీసం 2 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

వణుకుకు మందు ప్రోగ్రాములోనే ఉంది. వేలు 0.3 సెకను ఆనితేనే నొక్కినట్టు లెక్క, ఆ తర్వాత ఒక సెకను దాకా రెండో నొక్కు పట్టించుకోకూడదు. ఈ అంకెలు మీ నాయన చేతిని చూసి సవరించాలి. నొక్కగానే ‘టిక్’మనాలి, లేకుంటే పడలేదనుకుని మళ్లీ నొక్కుతాడు.

‘నిలుపు’కు మాత్రం ఈ ఆలస్యం వద్దు, తాకగానే ఆగాలి. దాన్ని తెరకే వదిలేయొద్దు. ఫోన్ బిగుసుకుపోతే దిక్కెవరు? మోటార్ల కరెంటు నేరుగా తెంచే పెద్ద ఎర్ర బటన్ కుడిచేతి కింద పెట్టించండి. కరెంటు పోయినా రోబో చెయ్యి ధబ్బున కిందపడకుండా బ్రేకుండాలి.

టైమరు పెట్టి ముద్దలు అందించడం ప్రమాదం. మింగాక ఆయనే అడగాలి. మింగడంలో ఇబ్బందుందేమో ముందే డాక్టరుకు చూపించండి. సంగటి చెంచాకు అంటుకుంటుంది, పప్పన్నంతో మొదలుపెట్టండి.