కథ దిద్దడమంటే అచ్చుతప్పులు చూడటం ఒక్కటే కాదండీ

నమస్తే అండీ. కథను నాలుగుసార్లు దిద్దినా పత్రిక నుంచి తిరిగొచ్చిందని బాధపడ్డారు. మీరు చెప్పినదాన్ని బట్టి నాలుగుసార్లూ చూసింది ఒత్తులు, దీర్ఘాలే. అది ప్రూఫ్ చూడటం, ఆఖర్న చేసే పని.

ముందు కథను ఓ పది రోజులు పక్కన పెట్టండి. తర్వాత ప్రింట్ తీసి పైకి చదవండి. నాలుక తడబడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. మీరు పంపిన వాక్యమే చూడండి: "ఆమె యొక్క కళ్లలో నుండి కన్నీళ్లు కారడం జరిగింది." కన్నీళ్లంటేనే కంటి నీళ్లు కదా, మళ్లీ కళ్లెందుకు? "యొక్క", "జరిగింది" కూడా తీసేయండి. "ఆమె కన్నీళ్లు పెట్టుకుంది." అంతే!

అసలు చిక్కు మొదటి పేజీలో ఉంది. అదంతా ఊరి వర్ణనే అన్నారు. బస్సు దిగిన కొడుకును తల్లి గుర్తుపట్టని చోట కదా మీ కథ అసలు మొదలయ్యేది! అక్కడి నుంచి ఎత్తుకోండి. ఊరి వర్ణన కథ మధ్యలో రెండు వాక్యాల్లో వస్తే చాలు. కష్టపడి రాసింది కొట్టేయాలంటే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. నేనైతే పాత ప్రతిని వేరే ఫైల్‌లో దాచుకుంటాను, అప్పుడు చెయ్యి ధైర్యంగా ఆడుతుంది. కొత్త మొదలు రాశాక పెట్టండి, తప్పకుండా చదువుతాను.