రెండో మైక్ కొనకండి, నేను కొని చూశాను

యూఎస్‌బీ కండెన్సర్ మైక్ కొంటే గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది, వెనక ఫ్యాను హోరు, తిరిగిచ్చేసి ఖరీదైనది కొనాలా అని అడిగారు కదా. వద్దండీ. ఇదే అనుమానంతో నేను రెండో మైక్ కొన్నాను, అందులోనూ అదే నుయ్యి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలు చాలామంది, తెలుగు చదవడం వాళ్ళకి సరిగా రాదు. మా వీధి పిల్లల కోసం చిన్న చిన్న కథలు చదివి, రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతుంటాను. నెల రోజులు రికార్డు చేశాక తెలిసిందేమిటంటే, నేను రికార్డు చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో రికార్డింగ్ పరికరం దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైకే ఎంపికై ఉంది, నేనేమో యూఎస్‌బీ మైక్‌కి లైటు వెలుగుతోంది కదా అని ధీమాగా కూర్చున్నాను. కాబట్టి ముందు రికార్డు నొక్కి మైక్ జాలీని గోటితో మెల్లగా గీకండి. ఫైల్లో ఆ గరగర గట్టిగా వినిపించకపోతే మీరు ఇన్నాళ్ళూ మాట్లాడింది ల్యాప్‌టాప్‌తోనే.

అది సరిచేశాక కూడా నాకు నుయ్యి పూర్తిగా పోలేదు. సభలో మైకులాగా దాని నెత్తిమీద మాట్లాడేవాణ్ణి, తీరా చూస్తే అది పక్కనుంచి వినే రకం, కంపెనీ గుర్తు ఉన్న వైపే దాని ముఖం. మీదేదో కాగితంలో చూసుకోండి. ఇక అసలు కిటుకు దూరం. జానెడు కంటే కాస్త తక్కువలో నోరు ఉండాలి, అంటే 15-20 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. గొంతు చాలదని మనం గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే మీట, పెంచుతాం, దాంతో ఫ్యానూ పక్కింటి మిక్సీ కూడా పెరుగుతాయి. దగ్గరికి జరిగి గెయిన్ తగ్గించండి, గట్టిగా చదివినప్పుడు ఆడాసిటీలో శబ్దం మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడితే చాలు. సున్నా తాకితే పగిలిన గొంతుని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

దగ్గరికి జరిగితే "పాప", "భలే" లాంటి మాటలకి ఊపిరి బుస్సుమని తగులుతుంది. మైక్‌ని కొంచెం పక్కకి తిప్పి పెట్టండి, ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి చీర ముక్క బిగించి నోటికీ మైక్‌కీ మధ్యలో పెట్టండి. ఖర్చు సున్నా.

కార్డియాయిడ్ అని రాసి ఉంటే వెనక వైపు తక్కువ వింటుంది, ల్యాప్‌టాప్ దాని వీపు వైపు ఉండనివ్వండి. ఫ్యాను మాత్రం ఆపాల్సిందే, ఎండాకాలంలో నరకమే అయినా తప్పదు. మా డాబా గదిలో గచ్చు, ఉత్త గోడలు, అందుకే మంచం నిలబెట్టి దానిమీద రెండు బొంతలు వేసి వాటికి ఎదురుగా కూర్చుని చదువుతాను, మా ఆవిడ నవ్వుతుంది గానీ ఫైలు విన్నాక ఏమీ అనలేదు. సన్నగా గూమని మోత వస్తుంటే చార్జరు పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి, నాకు అక్కడే పోయింది.

రాత్రి పది దాటాక, ఒక్క నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. అప్పటికీ నుయ్యే అయితే మైక్ మోడల్, గదిలో ఏమేం ఉన్నాయో రాయండి, చూద్దాం.